లాభం ఏ ఊళ్ళో పుడుతుంది?

మొన్న మా అక్కావాళ్ళ గృహప్రవేశంలో బంతి భోజనాల దగ్గర అక్క కొడుకు నా పక్కన కూర్చున్నాడు. సీఏ ఫైనల్ చదువుతున్నాడు. చదువు గురించి అడిగితే ఇంటర్నేషనల్ ట్యాక్సేషన్ పేపర్ మాట వచ్చింది. "పిన్నీ, ఇప్పుడు చాలా దేశాల్లో 15 శాతం మినిమమ్ ట్యాక్స్ వచ్చేసింది కదా. లాభాలన్నీ ఐర్లాండ్‌లో చూపించి తప్పించుకోవడం ఇక కుదరదు. నువ్వు ఉద్యోగం చేసినప్పటి సమస్య తీరిపోయినట్టే" అన్నాడు.

"ఎవరికి తీరిందిరా?" అన్నాను. "అందరికీ" అన్నాడు. ఇంతలో సాంబారు వచ్చింది, మాట మారిపోయింది. కానీ ఆ "అందరికీ" నన్ను వదల్లేదు. వాడు చెప్పింది పుస్తకంలో ఉన్నదే. తొమ్మిదేళ్ళు ఆ లెక్కలు నా చేత్తో రాసినదాన్ని కాబట్టి, ఆ అందరిలో హైదరాబాద్ ఎందుకు లేదో వాడికి చెప్పాలనిపించింది. వాడికి చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

నెలాఖరు ఇన్వాయిస్

నేను పనిచేసింది ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ హైదరాబాద్ సెంటర్లో, ఫైనాన్స్ టీమ్‌లో. కంపెనీ పేరు అక్కర్లేదు. అక్కడ జరిగింది చట్టప్రకారమే జరిగింది, అలాంటి సెంటర్లు చాలావాటిలో పద్ధతి అదే. ప్రతి నెలాఖరుకీ మేము ఒక ఇన్వాయిస్ తయారుచేసేవాళ్ళం. ఆ నెల జీతాలు, అద్దె, కరెంటు, క్యాబులు, క్యాంటీన్ అన్నీ కలిపి ఎంతయిందో చూసి, దాని మీద 15 శాతం మార్కప్ వేసి, ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ఉన్న మా గ్రూపు కంపెనీకి పంపేవాళ్ళం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఏడాదికి వంద కోట్లు ఖర్చు అనుకుందాం. బిల్లు 115 కోట్లు. మా లాభం 15 కోట్లు. దాని మీద ఇప్పటి రేటు ప్రకారం సెస్సులతో కలిపి పాతిక శాతం, అంటే మూడు కోట్ల డెబ్భై ఎనభై లక్షలు మన ప్రభుత్వానికి పన్ను.

మా ఇంజనీర్లు రాసిన ప్రోడక్ట్ ఎన్నో దేశాల్లో అమ్ముడుపోయేది. ఆ డబ్బు డబ్లిన్‌కి చేరేది. ప్రోడక్ట్ బాగా అమ్ముడైన ఏడాదీ మా లాభం ఖర్చు మీద 15 శాతమే, అమ్ముడుకాని ఏడాదీ అంతే. క్యాంటీన్ బిల్లు పెరిగితే మా లాభం పెరిగేది. ప్రోడక్ట్ అమ్మకాలు రెట్టింపయితే ఒక్క రూపాయి కూడా పెరిగేది కాదు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి చెప్పినప్పుడల్లా వాళ్ళు రెండోసారి అడిగేవాళ్ళు, తప్పు విన్నామేమో అని.

ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ చూడదా అంటే చూస్తుంది, గట్టిగానే చూస్తుంది. ప్రతి ఏడాదీ గ్రూపు కంపెనీలతో లావాదేవీల వివరాల ఫారం (మా రోజుల్లో 3సీఈబీ), ఆ ధరలు సరైనవేనని చూపించే లావుపాటి టీపీ (ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్) స్టడీ, కొన్నేళ్ళకి ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ఆఫీసర్ ముందు విచారణ. ఆయన 15 చాలదు, 22 ఉండాలంటాడు. మా కన్సల్టెంట్ ఇన్ఫోసిస్ లాంటి పెద్ద కంపెనీతో మమ్మల్ని పోల్చకూడదంటాడు. కేసు ట్రిబ్యునల్‌కి వెళ్ళి ఏళ్ళు పడుతుంది. ఈ గొడవలు తగ్గాలని ప్రభుత్వమే సేఫ్ హార్బర్ నిబంధనలు తెచ్చింది. 2017లో వాటిని మార్చి, సాఫ్ట్‌వేర్ సేవలకి ఒక పరిమితి దాకా 17, 18 శాతం చూపిస్తే ఒప్పుకుంటామంది. అంటే పోట్లాట అంతా ఖర్చు మీద ఎంత శాతం అన్నదాని దగ్గరే. ప్రోడక్ట్ మొత్తం మీద ఎంత సంపాదించింది, అందులో హైదరాబాద్ వాటా ఎంత అని నేనున్న తొమ్మిదేళ్ళలో మా ఫైలు మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఖర్చు మీద మార్కప్ అనే పద్ధతికి ఒప్పుకున్నాక ఆ ప్రశ్నకి చోటే ఉండదు.

కూలి లెక్క

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నాన్న మిరప, పత్తి వేస్తాడు. 2022 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న మంచి దిగులుగా ఉన్నాడు. ఆ ఏడు నల్ల తామర పురుగు మిరప చేలన్నీ తినేసింది. మా చేలో పూత నిలవలేదు. రాత్రి వాకిట్లో కూర్చుని, మాట మార్చడానికేమో, "మీ కంపెనీకి ఈ ఏడు ఎంత మిగిలిందమ్మా?" అని అడిగాడు. నేను ఇన్వాయిస్ సంగతి చెప్పాను.

నాన్న అంతా విని, "అంటే మీరు కూలికి చేస్తున్నారు. పంట వాళ్ళది" అన్నాడు. నేను దాన్ని తప్పు అన్నట్టు మాట్లాడబోయాను. "తప్పేముంది? పురుగు వచ్చినా, యార్డులో రేటు పడినా కూలివాడి కూలి కూలే. నా చేలో ఈ ఏడు కాయ కోసినవాళ్ళకి డబ్బు వచ్చింది, నాకు రాలేదు. మరి బాగా పండిన ఏడు నేను తీసుకోవద్దా?" అన్నాడు.

నేను ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మా టీపీ స్టడీలో నలభై పేజీల్లో రాసే వాదన అదే. రిస్క్ డబ్లిన్ కంపెనీది, కాబట్టి లాభం దానిది. హైదరాబాద్ కంపెనీ రిస్క్ లేని సర్వీస్ ప్రొవైడర్, కాబట్టి దానికి నికరమైన చిన్న లాభం చాలు. ఈ వాదనని ఎవరైనా తేలిగ్గా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. పురుగు పట్టిన చేను చూసినవాళ్ళకి రిస్క్ అంటే ఏమిటో తెలుసు.

నా మనసు మారింది ఆ తర్వాతి ఏడాది. అమెరికాలో ఒక ప్రోడక్ట్ ఆపేయాలని నిర్ణయించారు. హైదరాబాద్‌లో దాని మీద పనిచేసే టీమ్‌ని ఒక్క ఉదయంలో పంపేశారు. వాళ్ళలో ఒకమ్మాయి ప్రసూతి సెలవు నుంచి వచ్చి రెండు వారాలయింది. ఒకతను ముందు నెలే నల్లగండ్లలో ఫ్లాట్‌కి లోన్ తీసుకున్నాడు. వాళ్ళకి ఇవ్వాల్సిన సెటిల్‌మెంట్ డబ్బు లెక్క కట్టింది మా టీమే. ఆ డబ్బు కూడా ఖర్చే కాబట్టి దాని మీద కూడా 15 శాతం వేసి డబ్లిన్‌కి బిల్లు పంపాం. ఆ నెల మా పుస్తకాల్లో లాభం పెరిగింది. అదే వారంలో టీపీ స్టడీ డ్రాఫ్ట్ నా టేబుల్ మీదకి వచ్చింది. "కంపెనీ ఎలాంటి ముఖ్యమైన రిస్క్ భరించదు" అనే వాక్యం అందులో ఎప్పట్లాగే ఉంది.

రిస్క్ పోలేదు. కంపెనీ పుస్తకంలో లేదు, అంతే. అది ఆ ఫ్లాట్ లోన్ తీసుకున్నతని ఇంటికి వెళ్ళింది. నాన్న చేలో కాయ కోసినవాళ్ళు పంట పోయిన ఏడు కూడా కూలి తీసుకుని వెళ్ళారు. ఇక్కడ పంట పోగానే ముందు కూలే పోయింది. ఇంకో తేడా కూడా ఉంది. మిరప చేను నాన్నది, దున్నించేదీ, మందు కొట్టించేదీ నాన్నే. డబ్లిన్ కంపెనీ పేరున ప్రోడక్ట్ హక్కులు ఉన్నాయి కానీ ఆ ప్రోడక్ట్‌ని రాసింది అక్కడివాళ్ళు కాదు, అమ్మకం నిర్ణయాలు తీసుకునేదీ అక్కడ కాదు. 1973 భూ పరిమితి చట్టం వచ్చినప్పుడు పెద్ద రైతులు పాలేర్ల పేర్ల మీదా, దూరపు చుట్టాల పేర్ల మీదా పొలాలు రాయించిన సంగతి మా వైపు అందరికీ తెలుసు. కాగితం చూస్తే పొలం పాలేరుది. ఊళ్ళో ఎవర్ని అడిగినా అసలు ఆసామి ఎవరో చెప్పేవాళ్ళు.

ఏ దేశంలోనూ లేని హెడ్డాఫీసు

ఇలాంటి కాగితం ఎంత దూరం వెళ్ళగలదో ఆపిల్ కేసు చూస్తే తెలుస్తుంది. కేసు కథ చాలామందికి తెలుసు కాబట్టి నన్ను ఆపేసిన రెండు విషయాలే రాస్తాను.

ఆపిల్ సేల్స్ ఇంటర్నేషనల్ అనే ఐర్లాండ్ కంపెనీ 2011లో దాదాపు 1,600 కోట్ల యూరోల లాభం చూపించింది. ఐర్లాండ్ ట్యాక్స్ శాఖ ముందే ఇచ్చిన హామీ (ట్యాక్స్ రూలింగ్) ప్రకారం అందులో ఐదు కోట్ల యూరోల మీదే అక్కడ పన్ను. మిగతాదంతా కంపెనీ "హెడ్డాఫీసు"కి చెందుతుందన్నారు. ఆ హెడ్డాఫీసుకి ఉద్యోగులు లేరు, భవనం లేదు. అది ఏ దేశంలోనూ లేదు. 2014 వచ్చేసరికి ప్రతి పది లక్షల యూరోల లాభానికి కట్టిన పన్ను 50 యూరోలు. 2016లో యూరోపియన్ కమిషన్ ఇది ఐర్లాండ్ ఆపిల్‌కి చేసిన అక్రమ సాయమని, 1,300 కోట్ల యూరోలు వడ్డీతో సహా వసూలు చేయమని చెబితే, ఆ డబ్బు మాకొద్దని ఐర్లాండే కోర్టుకి వెళ్ళింది. 2020లో ఐర్లాండ్, ఆపిల్ గెలిచాయి. 2024 సెప్టెంబర్ 10న యూరోపియన్ యూనియన్ అత్యున్నత కోర్టు ఆ తీర్పుని కొట్టేసి కమిషన్‌దే సరి అంది.

నన్ను ఆపేసిన మొదటి విషయం 2016 నాటి కమిషన్ ప్రకటనలో ఉంది. ఆ ఐర్లాండ్ కంపెనీ సరుకు అమ్మే ప్రాంతాల్లో యూరప్, మధ్యప్రాచ్యం, ఆఫ్రికాతో పాటు ఇండియా పేరు కూడా ఉంది. అంటే మనవాళ్ళు అమీర్‌పేటలోనో బెజవాడలోనో ఐఫోన్ కొంటే వచ్చిన లాభంలో కొంత ఆ లేని ఆఫీసు ఖాతాలో పడి ఉంటుంది. రెండోది, అదే ప్రకటనలో ఒక చిన్న పేరా. వేరే దేశాలు తమ చట్టాల ప్రకారం ఈ లాభాల్లో తమ వాటా పన్ను అడిగితే, ఐర్లాండ్ వసూలు చేయాల్సింది ఆ మేరకు తగ్గుతుంది అని. ఆ పేరాని చాలాసార్లు చదివాను. లాభం ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న అక్కడ ఒక్క క్షణం తెరుచుకుంది. చివరికి డబ్బు దాదాపు అంతా ఐర్లాండ్ ఖజానాకే వెళ్ళింది. పన్ను ఎగ్గొట్టకూడదు అన్నది గెలిచింది, ఎవరికి కట్టాలి అన్నది అలాగే ఉండిపోయింది.

ఐర్లాండ్‌ని తిట్టలేను

ఇక్కడ నాకు పెద్ద సందేహం ఉంది, దాచుకోను. ఐర్లాండ్ చేసినదాన్ని దోపిడీ అని నేను అనలేను. పందొమ్మిదివందల యాభైల్లో ఆ దేశంలో పని లేక పిల్లలు ఓడలెక్కి ఇంగ్లండ్‌కీ అమెరికాకీ వెళ్ళిపోయేవాళ్ళు. 1956లో ఎగుమతి లాభాలకి పన్ను రాయితీ ఇచ్చారు. 1980లో ఆపిల్ అక్కడి కార్క్ నగరంలో ఫ్యాక్టరీ పెట్టింది. 2003 నుంచి కార్పొరేట్ పన్ను 12.5 శాతం. అనంతపురం నుంచో పాలమూరు నుంచో వలస వెళ్ళేవాళ్ళని చూసిన మనకి, పిల్లలు ఊళ్ళో ఉండాలని ఒక ప్రభుత్వం పన్ను వదులుకోవడం అర్థం కాని విషయం కాదు.

పైగా నా ఉద్యోగం కూడా అలాంటి పన్ను రాయితీ వల్లే పుట్టింది. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల ఎగుమతులకి 2011 మార్చి దాకా ఆదాయపు పన్ను లేదు. ఆ తర్వాత ఎస్ఈజెడ్‌లలో (ప్రత్యేక ఆర్థిక మండళ్ళలో) రాయితీ. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మాదాపూర్ ఎదుగుదల వెనక ఈ పన్ను రాయితీలు ఉన్నాయి. మనం పన్ను పోటీలో ఓడిపోయినవాళ్ళం అని చెప్పుకోవడం నిజాయితీ కాదు, మనమూ ఆడాం. 2019 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం కార్పొరేట్ పన్నుని 30 నుంచి 22 శాతానికి, కొత్త ఫ్యాక్టరీలకి 15 శాతానికి తగ్గించింది. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల ఆదాయం పోతుందని తనే చెప్పింది. వియత్నాం, థాయ్‌లాండ్ పోటీ మనసులో లేకుండా ఆ నిర్ణయం తీసుకున్నారని నేను అనుకోను.

అయినా ఈ పోటీలో ఒక తేడా ఉంది, దాని మీదే నా అభిప్రాయం నిలబడింది. నిజమైన ఫ్యాక్టరీ కోసం, నిజమైన ఉద్యోగాల కోసం ఒక దేశం తన పన్ను తను తగ్గించుకుంటే అది దాని సొంత డబ్బు. వేరే చోట జరిగిన పని మీది లాభాన్ని కాగితం మీద తెప్పించుకుని దానికి తక్కువ పన్ను వేస్తే అది తన డబ్బు కాదు. కార్క్‌లో ఆపిల్‌కి నిజంగా ఫ్యాక్టరీ, వేలమంది ఉద్యోగులు ఉన్నారు. వాళ్ళ పని మీద వచ్చిన లాభానికి ఐర్లాండ్ ఎంత తక్కువ పన్ను వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. 2022 జనాభా లెక్కల్లో 51 లక్షల మంది ఉన్న ఆ దేశానికి 2023లో వచ్చిన కార్పొరేట్ పన్ను దాదాపు 2,400 కోట్ల యూరోలు, అందులో సగానికి పైగా పది కంపెనీల నుంచే. ఆ లాభమంతా ఆ 51 లక్షల మంది మధ్యే పుట్టిందా?

15 శాతం ఎవరి ఖాతాలోకి

ఇప్పుడు మా వాడి మాట దగ్గరికి వస్తాను. 2021 అక్టోబర్‌లో 136 దేశాలు ఒప్పుకున్న మినిమమ్ ట్యాక్స్ పెద్ద గ్రూపులకే, ఏడాదికి 75 కోట్ల యూరోల ఆదాయం దాటినవాటికి. లాభం మీద పన్ను 15 శాతం కంటే తగ్గితే ఆ తేడా ఎవరో ఒకరు వసూలు చేస్తారు. ఎవరు? లాభం చూపించిన దేశమే ముందుగా ఆ తేడాని తను వసూలు చేసుకోవచ్చు. ఐర్లాండ్ 2024 మొదటి నుంచి అదే చేస్తోంది. ఇదివరకు 12.5 వచ్చే చోట పెద్ద కంపెనీల నుంచి ఇప్పుడు 15 వస్తుంది. డబ్లిన్‌లో లాభం చూపించడం తప్పని ఈ నిబంధన అనదు, దాని మీద పన్ను మరీ తగ్గకూడదు అంటుంది. హైదరాబాద్ ఇన్వాయిస్‌లో ఒక్క అంకె కూడా మారదు.

అమెరికా కంపెనీల సంగతి ఇంకో మెట్టు. 2025 జూన్‌లో జీ7 దేశాలు అమెరికన్ గ్రూపులని ఈ వ్యవస్థలోని ముఖ్యమైన రెండు నిబంధనల నుంచి మినహాయించడానికి ఒప్పుకున్నాయి. లాభం చూపించిన దేశమే ఆ తేడాని వసూలు చేసుకునే దేశీయ టాప్-అప్ పన్ను మాత్రం నిలిచింది. అంటే చివరికి మిగిలింది, లాభం కనిపించే దేశానికి మేలు చేసే భాగమే.

రేటు మీద పోటీ తగ్గితే వేరే రూపంలో వస్తుంది, అదీ చూస్తున్నాం. భూమి, కరెంటు, నీళ్ళు, క్యాపిటల్ సబ్సిడీ. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామన్నప్పుడు పక్క రాష్ట్రం మంత్రి రాయితీల మీద విరుచుకుపడ్డాడు, మనవాళ్ళు తిరిగి జవాబిచ్చారు. అది వేరే వ్యాసం. విశాఖకి పెట్టుబడి రావడం నాకు సంతోషమే.

మేడ్చల్ నుంచి ఫ్రాన్స్ దాకా

లాభం ఎక్కడ పుట్టిందన్నది చట్టంలో ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌కి ఇంకో అనుభవం ఉంది. శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలో మొదటి రీకాంబినెంట్ (జన్యు పద్ధతిలో చేసిన) హెపటైటిస్-బి టీకా తెచ్చింది. మేడ్చల్‌లో తయారైన ఆ టీకా వల్ల సామాన్యుల పిల్లలకి అందే ధరకి టీకా దిగింది. ఆ తర్వాత కంపెనీలో ఎక్కువ వాటా షాన్‌హెచ్ అనే ఫ్రెంచి కంపెనీ చేతికి వెళ్ళింది. 2009లో సనోఫీ కొన్నది శాంతాని కాదు, ఆ షాన్‌హెచ్‌ని. అమ్మినవాళ్ళు ఫ్రాన్స్‌వాళ్ళు, కొన్నవాళ్ళు ఫ్రాన్స్‌వాళ్ళు, చేతులు మారింది ఫ్రెంచి కంపెనీ షేర్లు. విలువ మొత్తం మేడ్చల్‌లో ఉంది కదా అని మన డిపార్ట్‌మెంట్ పన్ను అడిగింది.

2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు డిపార్ట్‌మెంట్ వాదనని కొట్టేసింది. షాన్‌హెచ్ ఉత్త కాగితం కంపెనీ కాదంది. 1992లో మనం ఫ్రాన్స్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఈ లాభం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్స్‌ది అంది. ఇలాంటి కొనుగోలులోనే వొడాఫోన్ పన్ను కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చాక 2012లో వెనకటి తేదీ నుంచి మార్చిన చట్టం ఆ ఒప్పందాన్ని దాటలేదు అని కూడా చెప్పింది. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. రెండోసారి ఒప్పందం పక్కన పెట్టుకుని చదివితే కోర్టు మీద కోపం పోయింది. సంతకం పెట్టింది మనమే. ఆట అయిపోయాక నియమం మార్చబోయి వొడాఫోన్, కెయిర్న్ కేసుల్లో 2020లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో ఓడిపోయాం, 2021లో ఆ చట్టాన్ని మనమే వెనక్కి తీసుకున్నాం. కోపంతో వెనకటి తేదీ వేసిన పన్ను నిలవదు. పంచుకునే పద్ధతిని ముందే మార్చుకోవాలి.

జీతాలకి ఎంత, అమ్మకాలకి ఎంత

నా అభిప్రాయం ఇది. గ్రూపు కంపెనీలన్నీ ఒకటే కుటుంబం అని ఒప్పుకుని, మొత్తం లాభాన్ని ఒక లెక్క ప్రకారం దేశాల మధ్య పంచాలి. ఎక్కడ అమ్మారు, ఎక్కడ ఎంతమంది ఎంత జీతానికి పనిచేశారు, ఆస్తులు ఎక్కడున్నాయి, ఈ మూడూ చూడాలి. ఇది కొత్త ఊహ కాదు. అమెరికాలో రాష్ట్రాలు తమలో తాము చాలాకాలం ఇలాగే పంచుకున్నాయి. కాలిఫోర్నియా విదేశీ గ్రూపుల మొత్తం లాభానికి ఈ లెక్క వేస్తే బార్‌క్లేస్ బ్యాంకు సుప్రీంకోర్టుకి వెళ్ళి 1994లో ఓడిపోయింది. మన సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) కూడా 2019 ఏప్రిల్‌లో విదేశీ కంపెనీల ఇక్కడి వ్యాపారానికి ఇలాంటి లెక్కే ప్రతిపాదించింది, అమ్మకాలు, ఉద్యోగులు, ఆస్తులు తలా మూడో వంతు. అది ముసాయిదా దగ్గరే ఆగిపోయింది.

దీని మీద నాకు తెలిసిన గట్టి అభ్యంతరం కాలిఫోర్నియా నుంచే వస్తుంది. జీతాలని లెక్కలో పెడితే మనిషిని ఉద్యోగంలో పెట్టుకున్నప్పుడల్లా పన్ను పెరుగుతుంది. అందుకే అమెరికా రాష్ట్రాలు ఒకదాన్ని చూసి ఒకటి జీతాల భాగాన్ని తగ్గిస్తూ వచ్చాయి. కాలిఫోర్నియా కూడా 2013 నుంచి ఎక్కువ కంపెనీలకి అమ్మకాలు ఒక్కటే చూస్తోంది. హైదరాబాద్‌లో మనిషిని పెట్టుకుంటే లాభంలో పెద్ద వాటా ఇక్కడికి వస్తుందంటే, కంపెనీలు ఆ మనిషిని మనీలాలోనో పోలండ్‌లోనో పెట్టుకోవా? ఈ భయం నిజమైనది. 2024 నాటికే దేశంలో ఇలాంటి సెంటర్లు 1,700కి పైగా ఉండేవి, 19 లక్షల మంది పనిచేసేవాళ్ళు. నా స్నేహితులు సగం మంది వాళ్ళలోనే ఉన్నారు. వాళ్ళ జీతాల మీద టీడీఎస్ రూపంలో వచ్చే పన్ను తక్కువేమీ కాదు. తెలియక మాట్లాడి వాళ్ళ ఉద్యోగాలతో ఆడుకోవడం నాకు ఇష్టం లేదు.

కానీ మనీలాకి వెళ్ళినా అక్కడా అదే లెక్క ఉంటే కంపెనీకి దక్కేది చాలా తక్కువ. అమెరికా రాష్ట్రాలు విఫలమైంది ఎవరికివాళ్ళు తమ లెక్క మార్చుకునే వీలు ఉండటం వల్ల. దేశాల మధ్య ఒడంబడికలో ఆ భాగాలు స్థిరంగా ఉంటే ఒక్కరే జారిపోలేరు. ఇది మనం ఒక్కళ్ళం చేయగలిగింది కాదని ఒప్పుకుంటాను. ఒక్కళ్ళమే చేస్తే మా వాళ్ళ ఉద్యోగాలు నిజంగానే పోతాయి.

ఇంకో బాధ కూడా ఉంది. 2021 ఒప్పందంలో మొదటి భాగం ఒకటి ఉండేది. 2,000 కోట్ల యూరోల అమ్మకాలు దాటిన కంపెనీల లాభంలో, అమ్మకాల్లో పది శాతం దాటిన భాగం నుంచి పాతిక శాతం తీసి దేశాలకి పంచడం. దేని ప్రకారం? అమ్మకాల ప్రకారం మాత్రమే. వాడేవాళ్ళు ఎక్కువున్న దేశంగా మనకి కొంత వచ్చేది, పనిచేసేవాళ్ళు ఎక్కువున్న దేశంగా సున్నా. అదీ అమలులోకి రాలేదు. దాని కోసం ఎదురుచూస్తూ విదేశీ ఆన్‌లైన్ కంపెనీల ఆదాయం మీద మనం వేసుకున్న డిజిటల్ లెవీలు కూడా పోయాయి, రెండు శాతానిది 2024 ఆగస్టులో, ఆన్‌లైన్ ప్రకటనల మీది ఆరు శాతానిది 2025 ఏప్రిల్‌లో. ఇప్పుడు ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు పట్టుబట్టి కొత్త పన్ను ఒడంబడిక మీద చర్చ మొదలుపెట్టించాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయింది. చర్చ ఆగలేదు. అక్కడ మన ప్రతినిధులు అమ్మకాల వాటా కోసం ఎంత గట్టిగా మాట్లాడతారో, జీతాల వాటా కోసం కూడా అంత గట్టిగా మాట్లాడాలని నా కోరిక. మార్కెట్ అనే మాట వాళ్ళకి బాగా అలవాటు. పనిచేసిన ఊరు అనే మాట ఇంకా అలవాటు కాలేదు.

ఇదంతా నిన్న రాత్రి మా వాడికి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని ఒకటి అడిగాడు. "సరే పిన్నీ, జీతాలని లెక్కలో పెట్టారే అనుకో. ఇంకో ఐదేళ్ళలో ఆ కోడ్ సగం మిషన్లే రాస్తాయి. మనుషులు తగ్గుతారు, జీతాలు తగ్గుతాయి. అప్పుడు హైదరాబాద్‌కి ఏమొస్తుంది?"

కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. తర్వాత నాకు తోచింది చెప్పాను. మామిడి తోటలో నాటిన ఏడాది కూలి చూసి ఊరుకోం కదా, ఈ రోజు అమ్ముడుపోయే ప్రోడక్ట్ పదేళ్ళ కింద రాసిన కోడ్ మీద నిలబడి ఉంది. కాబట్టి ఆ ఏడాది జీతాలు కాకుండా గత పదేళ్ళ జీతాలు కలిపి చూడాలి. "ఏ దేశం ఒప్పుకుంటుంది పిన్నీ?" అన్నాడు. "ముందు లెక్క వేసి చూద్దాం" అన్నాను. నేను పనిచేసిన సెంటర్ బ్యాలెన్స్ షీట్లు రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ సైట్లో ఫీజు కట్టి దించుకోవచ్చు, డబ్లిన్ కంపెనీవి కూడా అక్కడి రిజిస్టర్‌లో దొరుకుతాయి. ఆదివారం వాడు ల్యాప్‌టాప్ తీసుకుని మా ఇంటికి వస్తున్నాడు.